కొబ్బరి మందూ కాదు, విషమూ కాదు

"మాస్టారూ, కొబ్బరి తింటే గుండెజబ్బు వస్తుందటగా?" తొమ్మిదో తరగతిలో క్రొవ్వుల పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. వెంటనే వెనక బెంచీలోంచి ఇంకొకరు లేచి, "మా బాబాయి రోజూ పరగడుపున రెండు చెంచాల కొబ్బరినూనె తాగుతున్నాడండీ, గుండెకు మంచిదట" అంటారు. ఒకే కాయ గురించి ఒక ఇంట్లో భయం, పక్కింట్లో భక్తి!

ఈ రెండింటిలో ఏది నిజం? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొబ్బరిని మన ఇళ్ళలో తరతరాలుగా తింటున్నట్టే, పచ్చడిలోనూ కూరలోనూ ఉండలోనూ, కొద్దికొద్దిగా తినాలి. దాని నూనెను మందులా తాగడం తప్పు. గుండెకు భయపడి కాయను వంటింట్లోంచి వెళ్ళగొట్టడమూ తప్పే. ఇలా ఎందుకంటున్నానో చెబుతాను. మీరూ తూచి చూసి, తర్వాతే ఒప్పుకోండి.

కాయలో ఏముంది?

కొబ్బరికాయలో మనం తినే తెల్లటి భాగం మొలకెత్తబోయే పిల్లమొక్క కోసం తల్లిచెట్టు కట్టిన సద్దిమూట. దీన్నే మీ జీవశాస్త్ర పుస్తకంలో అంకురచ్ఛదం అంటారు. లేత బొండాంలో అది నీళ్ళ రూపంలో ఉంటుంది. కాయ ముదిరేకొద్దీ లోపలి గోడ వెంట కణాలు ఏర్పడి, మొదట జిగురులా, తర్వాత మీగడలా, చివరకు గట్టి కొబ్బరిగా మారుతుంది. దేవుడి దగ్గర కొట్టిన కాయలో ఒక్కోసారి పువ్వు కనబడితే పెద్దవాళ్ళు సంతోషిస్తారు కదా! ఆ పువ్వు మొలకెత్తడం మొదలుపెట్టిన గింజలోని బీజదళమే. సద్దిమూటలోని ఆహారాన్ని జీర్ణం చేసుకుని మొలకకు అందించడానికి అది అలా ఉబ్బుతుంది.

కెరటాల మీద కొట్టుకుపోయి ఎక్కడో ఇసుకలో పడిన కాయ, వేళ్ళు నిలదొక్కుకునేదాకా నెలల తరబడి ఈ మూటమీదే బతకాలి. తక్కువ చోటులో ఎక్కువ శక్తి దాచాలంటే క్రొవ్వే తగిన పదార్థం. గ్రాము పిండిపదార్థం 4 కిలోకాలరీల శక్తినిస్తే, గ్రాము క్రొవ్వు 9 ఇస్తుంది. అందుకే కొబ్బరిలో క్రొవ్వు అంత ఎక్కువ.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 100 గ్రాముల పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరే. క్రొవ్వు సుమారు 33 గ్రాములు, పిండిపదార్థాలు 15 గ్రాములు (అందులో పీచు 9 గ్రాములు), మాంసకృత్తులు 3 గ్రాముల పైచిలుకు. మొత్తం శక్తి 350 కిలోకాలరీలు. కాయ రకాన్నిబట్టి, ముదురునుబట్టి ఇవి కొంత మారుతాయి. అదే కొబ్బరిని ఎండబెడితే నీరు పోయి తక్కినవన్నీ చిక్కబడతాయి. కోస్తాలో ఎండుకొబ్బరి అన్నా, తెలంగాణలో కుడుక అన్నా, 100 గ్రాములలో 65 గ్రాముల దాకా క్రొవ్వే ఉంటుంది. శక్తి 660 కిలోకాలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలను ప్రచురించింది. మీ గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉంటే, మన ఇళ్ళలో వాడే వస్తువులన్నిటి లెక్కలూ చూసుకోవచ్చు.

ఈ అంకెలనుబట్టి రెండు సంగతులు తెలుస్తున్నాయి. మొదటిది, కొబ్బరిలో పీచు బాగా ఉంది. రెండోది, మాంసకృత్తులు చాలా తక్కువ. కాబట్టి "కొబ్బరి బలం" అని పిల్లలకు అదొక్కటే పెడితే ఎదుగుదలకు కావలసినది అందదు. పక్కన పప్పు ఉండి తీరాలి.

నూనె సంగతి వేరు

కాయ వేరు, కాయలోంచి పిండిన నూనె వేరు. నూనె తీసినప్పుడు పీచు, మాంసకృత్తులు, నీరు, ఖనిజ లవణాలు అన్నీ పిప్పిలోనే ఉండిపోతాయి. సీసాలోకి చేరేది నూటికి నూరుపాళ్ళూ క్రొవ్వే.

ఆ క్రొవ్వు ఎలాంటిది? శీతాకాలం ఉదయం మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా చూడండి. పక్కనున్న వేరుశనగనూనె నీళ్ళలా కదులుతూంటే, ఇది మైనంలా గడ్డకట్టి ఉంటుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే గడ్డకడుతుంది. అందులోని క్రొవ్వు ఆమ్లాలలో 90 శాతం సంతృప్తమైనవి. అంటే వాటి కార్బన్ గొలుసులలో ద్విబంధాలు లేవు. తిన్నని పుల్లలు కట్టగా ఒదిగినట్టు ఆ గొలుసులు ఒకదానిపక్కన ఒకటి సులభంగా సర్దుకుంటాయి. ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. వంకర పుల్లలు కట్టకు లొంగవు కదా! వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు అందుకే గడ్డకట్టవు.

సంతృప్త క్రొవ్వు ఎక్కువగా తింటే రక్తంలో ఎల్.డి.ఎల్. కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇక్కడ చాలామంది ఒక వాదన చేస్తారు: "కొబ్బరిలో కొలెస్ట్రాలే లేదు కదా, మరి ఎలా పెరుగుతుంది?" కొలెస్ట్రాల్ జంతు పదార్థాలలో ఉండేది, కొబ్బరిలో లేదన్న మాట నిజమే. కాని మన కాలేయం దాన్ని సొంతంగా తయారుచేస్తుంది. రక్తంలో తిరిగే ఎల్.డి.ఎల్.ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలు కూడా కాలేయ కణాల మీదే ఎక్కువగా ఉంటాయి. ఈ గ్రాహకాలను కనిపెట్టి, అవి పనిచేసే తీరును వివరించినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టయిన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త క్రొవ్వు ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది. ఎల్.డి.ఎల్. రక్తంలోనే మిగిలిపోయి, ఏళ్ళ తరబడి ధమనుల గోడలలో పేరుకుంటుంది.

ఇది ఊహ కాదు, కొలిచి చూసిందే. కొబ్బరినూనె వాడిన వారినీ, ఇతర నూనెలు వాడిన వారినీ పోల్చిన 16 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కవేసి 2020లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. ఉష్ణమండలానికి చెందని మొక్కల నూనెలు వాడిన వారితో పోలిస్తే, కొబ్బరినూనె వాడిన వారిలో ఎల్.డి.ఎల్. డెసిలీటరుకు 10 మిల్లీగ్రాముల మేర ఎక్కువగా ఉంది. మంచిదనిపించుకున్న హెచ్.డి.ఎల్. కూడా కొద్దిగా పెరిగింది. అయితే అది చెడుకు విరుగుడు అవుతుందని రుజువు కాలేదు.

"కొబ్బరినూనెలో గొలుసులు పొట్టివి, అవి ఒంట్లో నిలవ ఉండవు, వెంటనే ఖర్చయిపోతాయి" అని ఇంకో వాదన ఉంది. ఇందులో సగం నిజం దాగి ఉంది. 8, 10 కార్బన్ల గొలుసులు ప్రేగులనుంచి నేరుగా కాలేయానికి పోయి త్వరగా మండుతాయి. కాని కొబ్బరినూనెలో అవి సుమారు ఏడో వంతు మాత్రమే. దాదాపు సగం ఉన్నది లారిక్ ఆమ్లం, దానికి 12 కార్బన్లు. అది ఎక్కువ భాగం పొడవు గొలుసుల దారినే పోతుంది. 8, 10 కార్బన్ల గొలుసులను మాత్రమే వేరుచేసి తయారుచేసిన నూనెతో జరిపిన పరిశోధనలను తెచ్చి కొబ్బరినూనెకు అంటగట్టడం, మామిడిపండు గుణాలు మామిడికాయకు చెప్పడం లాంటిదే.

రెండు దీవుల పాఠం

మీలో ఎవరైనా ఇలా అడగవచ్చు: "సముద్రతీరాల వాళ్ళు రోజూ కొబ్బరే తింటారు కదా, వాళ్ళంతా బాగానే ఉన్నారు కదా?" మంచి ప్రశ్న. దీనికి పసిఫిక్ మహాసముద్రంలో జవాబు వెదికారు. పుకపుక, టొకెలావ్ అనే పగడపు దీవులలో జనం ఏం తింటున్నారో, వారి రక్తం ఎలా ఉందో పరిశీలించి ఆ వివరాలను 1981లో ప్రచురించారు. పుకపుక ప్రజలకు ఆహార శక్తిలో 34 శాతం కొబ్బరినుంచే వస్తోంది. టొకెలావ్ ప్రజలకైతే ఏకంగా 63 శాతం! అనుకున్నట్టే టొకెలావ్ వాళ్ళ రక్తంలో కొలెస్ట్రాల్ పుకపుక వాళ్ళకంటే 35 నుంచి 40 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉంది. అయినా రెండుచోట్లా రక్తనాళాల జబ్బులు అరుదే.

దీన్నిబట్టి కొబ్బరినూనె నిరపాయకరమని తేల్చేవారున్నారు. కాని వాళ్ళు తిన్నదేమిటి? కాయను కాయగా తిన్నారు. దానితోపాటు చేపలూ, దుంపలూ, పనస జాతికి చెందిన బ్రెడ్‌ఫ్రూట్ కాయలూ తిన్నారు. పడవలు నడిపారు, చెట్లెక్కారు. చక్కెర, కర్మాగారపు తిండి వాళ్ళ పళ్ళెంలోకి పెద్దగా రాలేదు. మనం రోజంతా కుర్చీలో కూర్చుని, పూరీలూ బిస్కెట్లూ మానకుండా, పైన రెండు చెంచాల నూనె తాగి "టొకెలావ్ వాళ్ళకేమీ కాలేదు కదా" అంటే ఎలా?

ఇలాగే కొందరు కేరళను చూపిస్తారు. కేరళలో గుండెజబ్బులూ మధుమేహమూ తక్కువేమీ కాదు. అలాగని ఆ నేరమంతా కొబ్బరిమీద వేయడమూ సరికాదు. ఒక ప్రాంతపు జబ్బుకు ఒకే వస్తువును కారణంగా చూపినా, ఒక ప్రాంతపు ఆరోగ్యానికి ఒకే వస్తువును కారణంగా చూపినా, వెంటనే నమ్మకండి. తక్కిన పళ్ళెంలో ఏముందో అడగండి.

భయంవల్ల వచ్చిన నష్టం

ఇంతవరకు చదివి, "అయితే కొబ్బరి మానేద్దాం" అనుకోకండి. భయపడి మానేసిన కాలం ఒకటి గడిచింది. 1980ల, 1990లలో గుండెకు చెడ్డదన్న మాట విని ఎన్నో ఇళ్ళలో కొబ్బరి పచ్చడి మానేశారు. అదే ఇళ్ళలో వనస్పతితో చేసిన మిఠాయిలూ, బేకరీ తినుబండారాలూ యథేచ్ఛగా తిన్నారు. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించిన ఆ వనస్పతిలో ట్రాన్స్ క్రొవ్వులు పుట్టుకొస్తాయి. అవి ఎల్.డి.ఎల్.ను పెంచి, హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తాయి. కొబ్బరి చేసేదానికంటే ఎక్కువ హాని చేస్తాయి. మన దేశంలో నూనెలు, క్రొవ్వులలో ట్రాన్స్ క్రొవ్వు 2 శాతం మించరాదన్న నిబంధన 2022 జనవరిలో గాని అమలుకు రాలేదు. కొబ్బరిని వెళ్ళగొట్టి అంతకంటే చెడ్డదాన్ని ఇంట్లోకి పిలిచామన్నమాట!

కాబట్టి ఒక వస్తువును మానేముందు, దాని చోటులోకి ఏది వస్తుందో అడగాలి. బడి విరామంలో కొబ్బరి ఉండ మానేసి ప్యాకెట్ చిప్స్ కొంటే లాభమేమిటి? అందులో చాలాసార్లు వాడే పామాయిల్ కూడా సగం సంతృప్త క్రొవ్వే. పైగా ఉప్పు ఎక్కువ, పీచు తక్కువ.

వంటింటి లెక్క

మరి ఎంత తినవచ్చు? మొత్తం ఆహార శక్తిలో సంతృప్త క్రొవ్వునుంచి వచ్చేది 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మళ్ళీ చెప్పింది. రోజుకు 2000 కిలోకాలరీలు తినే మనిషికి అది 200 కిలోకాలరీలు, అంటే 22 గ్రాములు.

పరగడుపున తాగే రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనెలో సంతృప్త క్రొవ్వు 22 గ్రాములకు తగ్గదు. ఇంకా పాలు, పెరుగు, నెయ్యి, కూర ఏవీ తినకముందే ఆ రోజు హద్దు నిండిపోయింది!

ఇప్పుడు కొబ్బరి ఉండ లెక్క చూడండి. 100 గ్రాముల పచ్చికొబ్బరి కోరులో 75 గ్రాముల బెల్లం వేసి పాకం పట్టి పది ఉండలు చేశామనుకోండి. ఒక్కో ఉండలో సుమారు 64 కిలోకాలరీలు, 3 గ్రాముల సంతృప్త క్రొవ్వు, ఒక గ్రాముకు కాస్త తక్కువ పీచు ఉంటాయి. ఆడుకునే పిల్లలకు ఒకటో రెండో ఉండలు ఇబ్బందేమీ కాదు. డబ్బా ఖాళీ చేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. బెల్లం కూడా చక్కెరలాంటిదే, అది మరిచిపోవద్దు.

నా దృష్టిలో కొబ్బరికి అసలైన చోటు కూరలూ పచ్చళ్ళూ. మన వంటకాలను శాస్త్రం కళ్ళతో చూస్తే ముచ్చటేస్తుంది. తోటకూర వేపుడులో దించేముందు గుప్పెడు కొబ్బరి కోరు చల్లుతారు. ఆకుకూరలలో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ ఉంది. అది క్రొవ్వులో కరుగుతుందిగాని నీటిలో కరగదు. భోజనంలో కాస్త క్రొవ్వు లేకపోతే ప్రేగులు దాన్ని సరిగా పీల్చుకోలేవు. ఆ కాస్త క్రొవ్వునూ కొబ్బరి అందిస్తుంది. మునగాకు పొడిలో ఎండుకొబ్బరి వేసినా ఇదే లాభం.

ఇడ్లీకి చేసే కొబ్బరి పచ్చడిలో పుట్నాల పప్పు కలుపుతారు. కొబ్బరిలో కొరవడిన మాంసకృత్తులను పప్పు పూరిస్తుంది. 100 గ్రాముల పుట్నాలలో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. కొబ్బరి, పుట్నాలు సమానంగా వేయమని ఇంట్లో అమ్మకో నాన్నకో చెప్పండి. రుచి తగ్గదు, బలం పెరుగుతుంది. కొబ్బరి, మామిడికాయ కలిపి నూరిన పచ్చడి వేసవిలో అన్నానికి సరిపోతుంది. మామిడికాయ పులుపుతోపాటు విటమిన్ సి కూడా ఇస్తుంది. ఇలా తిన్నప్పుడు ఒక మనిషికి రోజుకు 20 గ్రాముల కొబ్బరి పడితే, సంతృప్త క్రొవ్వు 6 గ్రాములే. హద్దులో చాలా చోటు మిగిలే ఉంటుంది.

అయితే కూరలో కొబ్బరి పడినరోజు పోపు నూనె తగ్గించాలి. కొబ్బరి కోరుకు సొంత క్రొవ్వు ఉంది కదా! అలాగని వంటనూనె మొత్తం మానేసి కొబ్బరినూనెతోనే వండుకోవడమూ మంచిది కాదు. మన శరీరం తయారుచేసుకోలేని అవశ్యక క్రొవ్వు ఆమ్లాలు కొబ్బరినూనెలో నామమాత్రంగా ఉంటాయి. అవి వేరుశనగ, నువ్వులు, సోయా, ఆవాలవంటి వాటినుంచి రావాలి.

బొండాం నీళ్ళు ఎవరికి?

ఎండలో ఆడి వచ్చాక బొండాం తాగడంకంటే హాయి ఇంకేముంది? రంగునీళ్ళ సీసాలకంటే అది ఎన్నో రెట్లు మేలు. కాని రెండు సందర్భాలలో జాగ్రత్త అవసరం.

ఒకటి, విరేచనాలు. బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాలలో సోడియం చాలా పోతుంది. అందుకే లీటరు నీటికి సరైన పాళ్ళలో ఉప్పు, గ్లూకోజు కలిసే ఓ.ఆర్.ఎస్. పొడినే ముందు పట్టాలి. బొండాం దానికి తోడుగా ఉండవచ్చుగాని దాని బదులు కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలోంచి పొటాషియం బయటకు పోదు. అది పేరుకుంటే గుండె కొట్టుకునే లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఒక గ్లాసు బొండాం నీళ్ళలో ఒక అరటిపండులో ఉన్నంత పొటాషియం ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని తలచుకోండి. అక్కడ కొబ్బరితోటలు కనుచూపు మేర ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వాటిలో ఎన్నో చెట్లను కూల్చేసింది. అదే ప్రాంతంలో ఎంతోమందికి దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉంది. ఆ జబ్బు కొబ్బరివల్ల వచ్చింది కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కాని రోగిని చూడటానికి వచ్చే చుట్టాలు ప్రేమకొద్దీ తెచ్చేది బొండాలే. డయాలిసిస్ మీదున్న మనిషికి ఆ ప్రేమే ప్రమాదం కావచ్చు. అలాంటి వారు మీ ఇంట్లో ఉంటే, డాక్టరును అడగకుండా బొండాం ఇవ్వనీయకండి. ఈ ఒక్క మాట మీరు ఇంట్లో చెబితే ఒక ప్రాణం నిలబడవచ్చు.

పాడైన కాయను పారెయ్యండి

పూజకాయను "ప్రసాదం, పారేయకూడదు" అని రెండు మూడు రోజులు బయటే ఉంచి, వాసన వస్తే వేయించి తినే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. ఇది మంచిది కాదు. ఇండోనేషియాలోని జావా దీవిలో కొబ్బరి పిప్పిని పులియబెట్టి ఒక వంటకం చేసేవారు. అందులో ఒక జాతి బాక్టీరియా చేరితే బోంగ్‌క్రెకిక్ ఆమ్లమనే విషం పుడుతుంది. దానికి రుచీ వాసనా లేవు, ఎంత ఉడికించినా నశించదు. ఎంతోమంది చనిపోయాక 1988లో అక్కడి ప్రభుత్వం ఆ వంటకాన్ని నిషేధించింది. మన ఇళ్ళలో ఆ వంటకం లేకపోవచ్చు. కాని "వేడిచేస్తే అన్నీ పోతాయి" అన్న నమ్మకం తప్పని అది చెబుతోంది. ప్రసాదమైతే కొట్టిన రోజే పదిమందికీ పంచండి. మిగిలినది చల్లని పెట్టెలో పెట్టండి, లేదా బాగా ఎండబెట్టండి. జిగురు పట్టినా, రంగు మారినా, బూజు కనిపించినా మొహమాటపడకుండా పారెయ్యండి.

మీరు చేయవలసిన పని

ఈ నెలలో రెండు చిన్న పనులు చేయండి. ఎండుకొబ్బరి ముక్కను తెల్లకాగితం మీద గట్టిగా రుద్ది, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఏర్పడిన నూనె మరక ఆరుతుందేమో గమనించండి. అలాగే కొబ్బరిపాలు ఒక గాజుగ్లాసులో పోసి ఒక రాత్రి చల్లని పెట్టెలో ఉంచండి. పైకి తేలిన భాగమెంతో, అడుగున మిగిలినదెంతో స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. క్రొవ్వు ఎక్కడ చేరిందో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత మీ ఇంట్లో వారానికి ఎంత కొబ్బరి, ఎంత నూనె, ఎన్ని ప్యాకెట్ల చిరుతిండి వాడుతున్నారో లెక్క కట్టండి. ప్యాకెట్ వెనక సంతృప్త క్రొవ్వు ఎంతో అచ్చువేసి ఉంటుంది, దాన్నీ పక్కనే రాయండి. ఆ కాగితం భోజనాల వేళ పెద్దవాళ్ళకు చూపించండి. నూనె తాగే బాబాయి ఉంటే ఆయనతో వాదన పెట్టుకోకండి, లెక్క చూపించండి. రక్తపరీక్ష చేయించుకుని ఎల్.డి.ఎల్. ఎంత ఉందో చూసుకోమని మర్యాదగా అడగండి. అలాగే గుండెకు భయపడి పచ్చడి ముట్టని తాతయ్య ఉంటే, డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే, ఇడ్లీ పక్కన ఒక చెంచాడు పుట్నాల కొబ్బరి పచ్చడి వేసి పెట్టండి.